రాయి మనది, రోష్నీ ఎవరిది?

మా ఖాందాన్‌లో మూడు తరాలుగా రిజ్క్ రాయి నుంచే వచ్చింది. దాదా నాగార్జునసాగర్ డ్యామ్ కడుతున్న రోజుల్లో రాళ్ళు కొట్టారు. నానీ పిడుగురాళ్ళ సున్నం బట్టీల్లో సున్నం ఏరింది. అబ్బా ఆ సున్నాన్నే లారీలో వేసుకుని భీమవరం చెరువుల దాకా తోలారు. మా భయ్యా ఇప్పుడు ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు లేబర్. ఆయన కొడుకు ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి పాస్‌పోర్టుకి అప్లై చేసుకున్నాడు. ఎందుకురా అంటే, "ఫుప్పూ, ఇక్కడ కరెంటు పుడుతుంది గానీ నౌకరీ పుట్టదు" అన్నాడు.

మాచర్ల, గురజాల, దాచేపల్లి, నరసరావుపేట వైపు ఉన్న మన ఇళ్ళల్లో చాలా చోట్ల ఇదే కహానీ. ఎవరో ఒకరు ఖదాన్‌లోనో, బట్టీలోనో, లారీ మీదనో బతికినవాళ్ళే. అయినా మన దస్తర్‌ఖాన్ దగ్గర ఈ రాయి గురించి, ఈ బిజిలీ గురించి ఎప్పుడూ హిసాబ్ వేసుకోం. పెళ్ళి ఖర్చు పైసాతో సహా లెక్కపెట్టే మనం, మన కాళ్ళ కింది ఖజానా ఎటు పోతోందో అడగం. అందుకే ఈసారి ఆ హిసాబ్ రాద్దామని కూర్చున్నాను.

ముందు రాయి సంగతి. పల్నాడు నేల కింద ఉన్నది సున్నపురాయి. జియాలజీ వాళ్ళు దీన్ని నర్జీ సున్నపురాయి అంటారు, కడప బేసిన్‌లో కలిపి చెబుతారు. కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రం ఉండేది. దాని అడుగున పొర మీద పొర పేరుకుని గట్టిపడిందే ఈ రాయి. మాచర్ల రాయి పలకలు పలకలుగా చీలేది అందుకే. మన పాత ఇళ్ళల్లో ఎండాకాలం చల్లగా ఉండే నాపరాళ్ళు అవే. దుర్గిలో రాయి చెక్కే వాళ్ళ హునర్‌కి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఇంకా వెనక్కి వెళితే, అమరావతి స్తూపం బొమ్మలు చెక్కింది కూడా పల్నాడు సున్నపురాయి మీదే. వాటిలో చాలా పలకలు ఇవాళ లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

లండన్‌లో మన రాయి ఇంకొకటి ఉంది. కోహినూర్. అది దొరికింది కొల్లూరు గనిలో అని ఎక్కువమంది చరిత్రకారులు చెబుతారు. ఈ కొల్లూరు ఎక్కడో కాదు, మన బెల్లంకొండ మండలంలో, కృష్ణ ఒడ్డున. గోల్కొండ కుతుబ్‌షాహీల జమానాలో దునియాకి వజ్రాలు ఇక్కడి నుంచే వెళ్ళేవి. తావెర్నియే అనే ఫ్రెంచి జవాహరాత్ వ్యాపారి 17వ శతాబ్దంలో ఈ గనికి వచ్చి చూశాడు. అరవై వేల మంది పని చేస్తున్నారని రాశాడు. మగవాళ్ళు తవ్వేవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు మట్టి మోసేవాళ్ళు.

గోల్కొండ పేరు చెబితే మనవాళ్ళ ఛాతీ పొంగుతుంది. సుల్తాన్లు మనవాళ్ళు, వజీర్ మీర్ జుమ్లా వజ్రాల వ్యాపారంలో ఎంత సంపాదించాడో తవారీఖ్‌లో ఉంది, అతను షాజహాన్‌కి నజరానాగా ఇచ్చిన వజ్రం గురించి పుస్తకాలే ఉన్నాయి. మరి ఆ అరవై వేల మందిలో ఒక్కరి పేరు ఎవరికైనా తెలుసా? తట్టలో మట్టి మోసిన ఒక్క అమ్మ పేరు? బాద్‌షా మన మజ్‌హబ్ వాడే. అయినా మజ్దూర్‌కి రాసిపెట్టిన హిసాబ్ లేదు. ఈ మాట ఎందుకంటే, ఖజానా ఎవరి పాలనలో ఉందన్నది ఒక సవాల్, అది తవ్విన చేతికి ఏం దక్కిందన్నది ఇంకో సవాల్. మనం మొదటిదాని దగ్గరే ఆగిపోతాం.

ఇప్పుడు కొల్లూరు గని చూద్దామన్నా కనపడదు. 2013లో పూర్తయిన పులిచింతల ప్రాజెక్టు కింద మునిగిపోయింది. 45.77 టీఎంసీల నీళ్ళు నిలిచే రిజర్వాయర్ అది. ఆ నీళ్ళ మీద 120 మెగావాట్ల పవర్ హౌస్ ఉంది. అది అవతలి ఒడ్డున, తెలంగాణ వైపు. ఒకప్పుడు వజ్రాలు పోయిన చోటు నుంచే ఇప్పుడు బిజిలీ పోతోంది.

వజ్రం సంగతి వదిలేద్దాం, అది రాజుల వస్తువు. మన బతుకు సున్నంతో.

పిడుగురాళ్ళని లైమ్ సిటీ అంటారు. నానీ పని చేసిన కాలానికి పొగ, తెల్లటి గర్ద్ తప్ప సిటీ లక్షణం ఏదీ లేదు. బట్టీ అంటే నిలువుగా ఉండే పెద్ద గొట్టం లాంటి కట్టడం. పై నుంచి ఒక వరస రాయి, ఒక వరస బొగ్గు వేస్తారు. లోపల సుమారు తొమ్మిది వందల డిగ్రీల వేడికి రాయి విరిగిపోతుంది. వంద కిలోల మేలైన రాయి కాలితే 56 కిలోల సున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోలు గాలిలో కలిసిపోతాయి. కార్బన్ డయాక్సైడ్ అన్నమాట. కింద నుంచి సున్నం లాగితే, ఆడవాళ్ళు కూర్చుని కాలని రాళ్ళూ, బొగ్గు ముక్కలూ వేరుచేస్తారు. ఈ సున్నం చక్కెర ఫ్యాక్టరీలకి వెళ్తుంది, తోళ్ళ పరిశ్రమకి వెళ్తుంది, ఉక్కు తయారీకి వెళ్తుంది, చేపల, రొయ్యల చెరువులకి వెళ్తుంది, చివరికి పాన్‌లోకీ వెళ్తుంది. ఈద్ ముందు మన మస్జిద్ గోడలకి వేసే తెలుపు కూడా అదే.

కాలిన సున్నానికి దాహం ఎక్కువ. ఎక్కడ తడి దొరికితే అక్కడ పీల్చుకుని ఉడుకుతుంది. చెమట పట్టిన చెయ్యి అయినా సరే, కంటిలో తడి అయినా సరే. నానీ పనికి వెళ్ళే ముందు చేతులకి కొబ్బరినూనె రాసుకునేది, ఓఢ్నీని ముక్కు చుట్టూ రెండు చుట్లు కట్టుకునేది. ఆమెకి ఇచ్చిన సేఫ్టీ అంటూ ఏమీ లేదు, అది ఆమె సొంత తర్కీబ్. రోజూ అస్ర్ అయ్యాక ఇంటికొస్తే ముందు మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. "రుకో బేటా, పహలే నహానే దో" అనేది. సున్నం బట్టలతో పిల్లల్ని ఎత్తుకుంటే మా ఒళ్ళు మండుతుందని.

ఆమె పోయేనాటికి వేళ్ళ మీద గీతలు లేవు. ఆధార్ కోసం వేలిముద్ర వేయించబోతే మిషన్ తీసుకోలేదు. ఎన్ని ఏళ్ళు దగ్గిందో చెప్పలేను. టీబీ పరీక్షలు చేశారు, లేదన్నారు, సిరప్ రాసిచ్చారు. "ఎక్కడ పని చేసేవారమ్మా" అని అడిగిన డాక్టర్ ఒక్కరే. బట్టీ పేరు చెప్పినా, అక్కడ ఆమె పని చేసినట్టు ఏ రిజిస్టర్‌లోనూ లేదు. మజ్దూరీ ఏ వారానికి ఆ వారం చేతిలో పెట్టేవాళ్ళు, అంతే. కాగితం లేని మనిషికి ఈఎస్‌ఐ ఉండదు, పీఎఫ్ ఉండదు, పరిహారం అసలే ఉండదు. నానీ మాత్రం ఎవర్నీ ఏమీ అనలేదు. "అల్లాహ్ దియా, అల్లాహ్ లియా" అనేది. సబ్ర్ మంచిదే. కానీ ఆమె సబ్ర్ ఎవరికి ఫాయిదా అయిందో కూడా చూడాలి కదా.

ఇక సిమెంట్. మాచర్లలో కేసీపీ వాళ్ళ ఫ్యాక్టరీ 1958లో మొదలైంది. సాగర్ డ్యామ్‌కి నెహ్రూ గారు శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. అంటే ఇటు సిమెంట్, అటు డ్యామ్, రెండూ ఒకే దశాబ్దంలో పుట్టిన అన్నదమ్ములు. తర్వాత దాచేపల్లి, నడికుడి వైపు ఆంధ్రా సిమెంట్స్, చెట్టినాడ్, భవ్య లాంటివి వచ్చాయి. ఇవాళ పల్నాడు రాయి కలవని అపార్ట్‌మెంట్ గుంటూరులోనో, విజయవాడలోనో వెతికితే దొరకడం కష్టం.

సిమెంట్ అంటే రాయి ఒక్కటే అనుకుంటాం. సగం దాకా అది కరెంటూ, బొగ్గూ. రాయిని పిండి చేయాలి, కొలిమిలో సుమారు 1450 డిగ్రీలకి కాల్చాలి, వచ్చిన క్లింకర్‌ని మళ్ళీ పిండి చేయాలి. ఒక టన్ను సిమెంట్‌కి దాదాపు 80 యూనిట్ల కరెంటు పడుతుంది. అంటే యాభై కిలోల బస్తాకి నాలుగు యూనిట్లు. ఇంటి లెక్కలో చెప్పాలంటే ఒక సీలింగ్ ఫ్యాన్ రెండు రోజులకి పైగా ఆగకుండా తిరిగే కరెంటు ఒక్క బస్తాలో ఉంది. బొగ్గు పల్నాడులో లేదు, బయటి నుంచి రావాలి. థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాల్చాక మిగిలే బూడిదని కూడా పీపీసీ సిమెంట్‌లో 15 నుంచి 35 శాతం దాకా కలుపుతారు. అట్లా గనీ, కరెంటూ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తాయి.

ఇప్పుడు బిజిలీ హిసాబ్. నాగార్జునసాగర్ ప్రధాన పవర్ హౌస్ సామర్థ్యం 815.6 మెగావాట్లు. ఒకటి 110 మెగావాట్ల మిషన్, ఏడు 100.8 మెగావాట్ల మిషన్లు. ఈ ఏడింటిలో ఒక కమాల్ ఉంది. కరెంటు ఎక్కువ కావాల్సినప్పుడు నీళ్ళు కిందికి వదిలి బిజిలీ తీస్తాయి, కరెంటు మిగిలిన వేళ అవే వెనక్కి తిరిగి కింది నీళ్ళని పైకి తోడగలవు. అందుకు కింద నీళ్ళు నిలవాలి కాబట్టే రెంటచింతల మండలం సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ కట్టారు. అక్కడ 25 మెగావాట్ల మిషన్లు రెండు ఉన్నాయి. కుడి కాలువ మీద 30 మెగావాట్లవి మూడు, మొత్తం 90. 2014 తక్సీమ్‌లో ప్రధాన పవర్ హౌస్ తెలంగాణకి, కుడి కాలువ పవర్ హౌస్ ఆంధ్రప్రదేశ్‌కి వచ్చాయి.

ఒక్క కుడి కాలువ పవర్ హౌసే గంటసేపు నిండుగా నడిస్తే 90 వేల యూనిట్లు. నెలకి 150 యూనిట్లు వాడే ఆరు వందల ఇళ్ళకి నెలంతా సరిపోయే రోష్నీ అది. కాలువకి నీళ్ళు వదిలినప్పుడే ఆ మిషన్లు తిరుగుతాయి, అది వేరే సంగతి. నీళ్ళు ఎప్పుడు వదలాలన్నదే అసలు ఝగడా. బిజిలీ కోసం వేసవి ముందే నదిలోకి వదిలితే చేనుకి ఉండవు, చేను కోసం దాచితే మిషన్ ఆగుతుంది. 2021 జులైలో రెండు రాష్ట్రాల పోలీసులు డ్యామ్‌కి చెరో వైపు నిలబడ్డది ఇందుకే. 2023 నవంబరు చివర్లో మళ్ళీ కుడి కాలువ గేట్ల దగ్గర అదే తమాషా. రెండుసార్లూ టీవీలో చర్చంతా వాటాల గురించే. డ్యామ్ నీడలో ఉన్న ఊళ్ళ గురించి ఒక్క మాట వినపడలేదు.

మా దాదా పుట్టింది వెల్దుర్తి వైపు ఒక పల్లెలో. సాగర్ నీళ్ళు అక్కడికి దగ్గరే. కానీ ఊరు ఎత్తు మీద ఉంటుంది, కాలువ పల్లం వెతుక్కుంటూ పోతుంది. దాదా రాళ్ళు కొట్టి కట్టిన డ్యామ్ నీళ్ళు గుంటూరు, ప్రకాశం చేలకి వెళ్ళాయి, దాదా చేనుకి రాలేదు. ఎవరికి పారినా బర్కతే, ఆ రైతుల మీద నాకు హసద్ లేదు. కానీ మా పల్లెలో అమ్మీ వయసు ఆడవాళ్ళు ఇంకా ట్యాంకర్ కోసం బిందెలు వరస పెడుతున్నారు. ఎత్తు మీదికి నీళ్ళు రావాలంటే మోటార్లు పెట్టి ఎత్తాలి, అంటే మళ్ళీ బిజిలీ కావాలి. వరికపూడిసెల ఎత్తిపోతల పథకం అందుకే. అడవి అనుమతుల దగ్గర ఏళ్ళ తరబడి ఆగి, 2023 నవంబరులో మళ్ళీ శంకుస్థాపన చూసింది. శంకుస్థాపన రాయి కూడా రాయే కాబట్టి మా వాళ్ళు దాన్ని కూడా లెక్కలో వేసుకున్నారు.

ఇక బస్తా హిసాబ్ చూద్దాం. ఇది మీరూ మీ పిల్లలతో వేయించండి, కష్టమేమీ కాదు.

ఒక బస్తా ఓపీసీ సిమెంట్‌కి దాదాపు 70 కిలోల సున్నపురాయి పడుతుంది. 2014 సెప్టెంబరులో కేంద్రం పెట్టిన రేటు ప్రకారం మామూలు సున్నపురాయికి టన్నుకి 80 రూపాయల రాయల్టీ. అంటే కిలోకి ఎనిమిది పైసలు. బస్తాకి 5 రూపాయల 60 పైసలు. అది రాష్ట్ర ఖజానాకి వెళ్తుంది. 2015లో గనుల చట్టం మార్చినప్పుడు ఒక మంచి పని చేశారు. రాయల్టీకి అదనంగా, గని వల్ల నష్టపోయే ఊళ్ళ కోసం జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కి డబ్బు కట్టాలన్నారు. పాత లీజులైతే రాయల్టీలో 30 శాతం, వేలంలో తీసుకున్న కొత్త లీజులైతే 10 శాతం. పాత లీజు రాయి అయితే బస్తాకి సుమారు 1 రూపాయి 68 పైసలు. కొత్తదైతే 56 పైసలు.

బస్తా మీద మన ఊళ్ళ పేరున రాసి ఉన్న వాటా అదే. అల్పంగా కనపడుతుంది. కానీ లక్ష బస్తాలకి పాత లీజు లెక్కన లక్షా అరవై ఎనిమిది వేలు. ఫ్యాక్టరీలు అమ్మేది లక్షల బస్తాలు, ఏడాదికేడాది. ఆ డబ్బులో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, చదువు, ఆడవాళ్ళ, పిల్లల బాగు లాంటి వాటికే పెట్టాలని 2015 గైడ్‌లైన్స్‌లో ఉండేది. పనుల జాబితా, ఏటా రిపోర్టు బయట పెట్టాలని కూడా ఉంది. మా ఊళ్ళో, చుట్టాల ఊళ్ళల్లో కలిపి ఒక ఇరవై మందిని అడిగాను. ఈ ఫండ్ పేరు విన్నవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరూ కాంట్రాక్టర్లే.

మస్జిద్‌లో ఒకసారి మౌలానా సాబ్‌ని అడిగాను, జమీన్ కింద దొరికే వాటి మీద దీన్ ఏం చెబుతుంది అని. ఆయన ఓపికగా చెప్పారు. మన హనఫీ ఫిఖ్ ప్రకారం నిప్పులో కరిగే ఖనిజాలు, అంటే బంగారం, ఇనుము, రాగి, సీసం లాంటివి దొరికితే ఐదో వంతు, ఖుమ్స్, తీసి ఇవ్వాలి. సున్నం లాంటి రాళ్ళ మీద లేదు. వినుకొండ వైపు అగ్నిగుండాల దగ్గర రాగి, సీసం ఉన్నాయి, ఒకప్పుడు బండలమోటులో సీసం గని నడిచింది కూడా. ఆ లెక్కన దాని మీద ఖుమ్స్ ఉండేదేమో, మన సున్నం మీద మాత్రం ఉండదన్నమాట. నేను కొంచెం నిరాశపడ్డాను. అప్పుడు ఆయన ఇంకో మాట చెప్పారు. యమన్‌లోని మఆరిబ్ దగ్గర ఒక ఉప్పు గనిని ఒక సహాబీ తనకి ఇవ్వమని అడిగితే హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ ఇచ్చారు. అది ఎప్పటికీ ఎండని ఊట లాంటిదని, జనమంతా దాని మీద ఆధారపడతారని పక్కన ఉన్నవాళ్ళు చెప్పగానే వెనక్కి తీసుకున్నారు. నీళ్ళలో, గడ్డిలో, నిప్పులో జనమంతా షరీక్ అన్న తాలీమ్ కూడా ఉంది.

ఇంటికొచ్చి ఆలోచించాను. నీళ్ళు, నిప్పు. పవర్ హౌస్ అంటే ఆ రెండూ కలిసిన చోటే కదా. మన మజ్‌హబ్ వాళ్ళకే ఇవ్వాలని ఇందులో ఎక్కడా లేదు. రాయి పక్కన బతికేవాళ్ళలో ఎరుకలవాళ్ళు ఉన్నారు, వడ్డెరలు ఉన్నారు, మాల మాదిగలు ఉన్నారు, లంబాడీలు ఉన్నారు, మన నూర్‌బాషాలు, పఠాన్లు, షేక్‌లు ఉన్నారు. గర్ద్ అందరి ఊపిరితిత్తుల్లోకీ ఒకేలా పోతుంది. షరీక్ అయితే అందరం షరీకే.

ఫ్యాక్టరీలు మూసేయాలని నేను అనడం లేదు. మూస్తే మొదట ఖాళీ అయ్యేది మా భయ్యా ఇంటి పొయ్యే. ఆయన జీతంతోనే మా భతీజా డిప్లొమా చదివాడు. నా సవాల్ చిన్నది. రాయి ఒక్కసారే దొరుకుతుంది. నీళ్ళు మళ్ళీ వర్షాకాలానికి వస్తాయి, తవ్విన రాయి మళ్ళీ రాదు. మన తరం తవ్వుకున్నది మన పిల్లల అమానత్ నుంచి తీసినదే. దాని బదులు వాళ్ళకి ఏం మిగులుస్తున్నాం? ఒక ఐటీఐ, ఒక మంచి హాస్పిటల్, పైపులో నీళ్ళు మిగిలితే సరే. గుంతలు మాత్రమే మిగిలితే కొల్లూరుకీ మనకీ ఫరక్ ఏముంది?

చేయగలిగిన పనులు మూడు ఉన్నాయి, పెద్ద తాలీమ్ కూడా అక్కర్లేదు. మొదటిది, మీ ఇంట్లో బట్టీలో, ఖదాన్‌లో, ఫ్యాక్టరీలో పని చేసేవాళ్ళ పేరు ఏదో ఒక రిజిస్టర్‌లో ఉందో లేదో చూడండి. ఈఎస్‌ఐ కార్డు, పీఎఫ్ నంబరు అడిగి తీసుకోండి. ఫ్యాక్టరీల చట్టం ప్రమాదకరమైన పరిశ్రమల జాబితాలో సిమెంట్‌ని పెట్టింది, అలాంటి చోట ఏడాదికోసారి మెడికల్ చెకప్ ఉండాలని 1987లోనే చేర్చారు. ఆ రిపోర్టు కాపీ ఇంట్లో పెట్టుకోండి. మా నానీ దగ్గర ఒక్క కాగితం ఉండి ఉంటే కథ వేరేగా ఉండేది. రెండోది, గ్రామసభ జరిగినప్పుడు వెళ్ళండి, ముఖ్యంగా ఆడవాళ్ళు. ఖనిజ ఫండ్ నుంచి మన ఊరికి ఎంత వచ్చింది, ఏ పనికి పెట్టారు అని అడగండి. మూడోది, జవాబ్ రాకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. ముప్ఫై రోజుల్లో జవాబ్ ఇవ్వాలి.

నేను ఇప్పటికే ఒకటి పెట్టాను. దరఖాస్తు తెలుగులోనే రాశాను, ఒక్క పేజీ. మా మండలానికి ఐదేళ్ళలో ఎంత వచ్చింది, తాగునీటికి ఎంత పోయింది, అని రెండే సవాళ్ళు. కాపీ కావాలంటే అడగండి, ఊరు పేరు మార్చుకుని మీరూ వాడుకోవచ్చు. జవాబ్ వచ్చాక, ఇన్‌షా అల్లాహ్, ఉన్నది ఉన్నట్టు ఇక్కడే రాస్తాను.